ఫ్లాట్‌లో పెరిగే పామెరేనియన్‌కి రోజూ బయట నడక తప్పనిసరా?

కూకట్‌పల్లి కోడలు:
మా ఇంట్లో రెండేళ్ల పామ్ ఉంది, మగది. మూడు కిలోలు కూడా తూగదు. పొద్దున లేచింది మొదలు హాల్లోంచి బాల్కనీకి, బాల్కనీలోంచి వంటింట్లోకి ఒకటే పరుగులు. లిఫ్ట్ ఆగిన చప్పుడు వినపడితే చాలు, తలుపు దగ్గరికెళ్లి మొరుగుడు మొదలు. ఎదుటి ఫ్లాట్ వాళ్లు అసోసియేషన్‌కి కంప్లైంట్ కూడా ఇచ్చారు. రోజూ బయట తిప్పమని డాక్టరుగారు అంటారు. మా అత్తయ్యగారేమో, "ఇంత చిన్న ప్రాణికి ఇల్లు చాలదా, వీధికుక్కలు పట్టుకుంటే ఏం చేస్తావమ్మా" అంటారు. ఇద్దరి మాటా సబబుగానే ఉంది. పెంచుతున్నవాళ్లు చెప్పండి.

బెజవాడ వాసి:
నేను మీ అత్తయ్యగారి పక్షం. మూడు కిలోల కుక్కని వీధికుక్క ఒక్కసారి నోట కరిచి విదిలించిందంటే మనం కర్ర వెతుక్కునేలోపే అయిపోతుంది. మా ఊళ్లో మే నెలలో చీకటి పడ్డాక కూడా రోడ్డు సెగ కొడుతూనే ఉంటుంది, ఈ కుక్కకేమో ఒంటినిండా రెండు పొరల బొచ్చు. మా ఆడకుక్కకి టిక్ ఫీవర్ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయాయి. ముక్కులోంచి నెత్తురు కారుతుంటే సెలైన్ ఎక్కించుకుంటూ కూర్చున్నాం. ఆ తర్వాత బయటికి తీసుకెళ్లడం మానేశాం. ఇంట్లోనే బంతి విసురుతాం, హాయిగా ఉంది.

మారేడ్‌పల్లి:
బెజవాడ వాసి గారూ, మీరు పడ్డ టెన్షన్ నాకు అర్థమైంది. మీ భయాల్లో ఒక్కటీ అబద్ధం కాదు. అయినా నడక మానేయడం వాటికి విరుగుడు కాదంటాను.

ముందు పిడుదుల సంగతి. టిక్ ఫీవర్ తెచ్చే గోధుమరంగు పిడుదు ఇంట్లో కూడా బతుకుతుంది. గోడ పగుళ్లలో, గుమ్మం సందుల్లో గుడ్లు పెడుతుంది. మన చెప్పులకీ, బట్టలకీ అంటుకుని కూడా లోపలికి రావచ్చు. కాబట్టి బయటికి వెళ్లినా వెళ్లకపోయినా డాక్టరు రాసిన పిడుదుల మందు వేళకి పడాల్సిందే.

ఇక అసలు విషయం. పామ్‌ని మనం బొమ్మలా చూస్తాం గానీ దాని పూర్వీకులు బాల్టిక్ సముద్రతీరంలోని పొమెరేనియా ప్రాంతపు స్పిట్జ్ కుక్కలు, దీనికన్నా చాలా పెద్దవి. 1888లో విక్టోరియా రాణి ఇటలీ నుంచి తెచ్చుకున్న మార్కో అనే పామ్ కూడా ఐదు కిలోలు దాటి ఉండేది. చిన్న పామ్‌ల మీద మోజు ఆ తర్వాతే బాగా పెరిగింది. ఒళ్లు తగ్గింది గానీ కాపలా బుద్ధి తగ్గలేదు. నాలుగు గోడల మధ్య ఉన్న కుక్కకి రోజంతటిలో కొత్తగా వినపడేది ఆ లిఫ్ట్ ఒక్కటే. మొరగకుండా ఎలా ఉంటుంది?

కాళ్లకి అలసట హాల్లోనే దొరుకుతుంది, ఒప్పుకుంటాను. ముక్కుకి కావలసినంత పని మాత్రం బయటే ఉంది. ఒక్కసారి కిందికి తీసుకెళ్లి గమనించండి. కరెంటు స్తంభం దగ్గర ఆగి కిందినుంచి పైకి వాసన చూస్తుంది, ముక్కు చివర అదురుతుంటుంది, ఒక ముందుకాలు గాల్లోనే ఉండిపోతుంది. మనం "పద, పద" అని లాగేస్తాం. లాగకండి. ఇరవై నిమిషాలు అలా వదిలేస్తే ఇంటికొచ్చి నీళ్లు తాగి పడుకుంటుంది. అంతసేపూ బంతి వెంట పరిగెత్తిస్తే మాత్రం ఇంకా రెచ్చిపోయి, మళ్లీ బంతి తెచ్చి మన కాళ్ల దగ్గర పెడుతుంది.

పైగా నున్నటి టైల్స్ మీద ఆ పరుగులు మంచివి కావు. చిన్న జాతుల్లో మోకాలిచిప్ప జారడం చాలా మామూలు. పరిగెడుతూ ఒక వెనక కాలు పైకెత్తి రెండడుగులు గెంతి, ఏమీ జరగనట్టు మళ్లీ పరుగందుకుంటుంది. చూసినవాళ్లు ముద్దుగా ఉందనుకుంటారు. అది చిప్ప జారుతున్న గుర్తు కావచ్చు, వెంటనే చూపించండి.

వాల్తేరు:
మధ్యలో ఒక మాట. మనవైపు పామ్ అని కొన్నవాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లే, చూడ్డానికి పామ్‌లాగే ఉండే కాస్త పెద్ద జాతి. మాది ఏడు కిలోలు, దానికి పొద్దునా సాయంత్రం నడిచినా చాలదు. మూడు కిలోల దానికి చెప్పిన లెక్క అన్నింటికీ సరిపోదు.

బెజవాడ వాసి:
పిడుదులు ఇంట్లోనే గుడ్లు పెడతాయని మా డాక్టరూ అన్నారు, అది సరే. కానీ వీధికుక్కల సంగతి మీరు తేల్చలేదు. ముక్కుకి పనే కావాలంటే తువ్వాలులో దాని తిండి గింజలు చుట్టి ఇస్తాను, వెతుక్కుంటుంది. దానికోసం ప్రాణం మీదికి తెచ్చుకోవాలా? మాకు ఎండాకాలం బొచ్చు గీయించే అలవాటు కూడా ఉంది, దాంతో ఇంట్లో చల్లగానే ఉంటుంది.

మారేడ్‌పల్లి:
తువ్వాలు ఆట మంచిదే, వాన పడిన రోజు మేమూ అదే ఆడిస్తాం. కానీ కొత్త మనిషినీ, స్కూటర్ చప్పుడునీ, ఇంకో కుక్కనీ దూరం నుంచి చూసి ఊరుకోవడం తువ్వాలు నేర్పదు.

వీధికుక్కలున్న సందులోకి వెళ్లమని నేను అనను. అపార్ట్‌మెంట్ కాంపౌండ్ లోపలే రెండు చుట్లు చాలు, సెల్లార్ అయినా ఫర్వాలేదు. కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ 2018లో డాగ్ పార్కు తెరిచింది, అటువైపు ఉండేవాళ్లకి అదొక దారి. మీ ఊరి ఎండకి తెల్లవారకముందే వెళ్లాలి. చేతి వెనకవైపు నేల మీద ఆనించండి. ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు.

బొచ్చు మాత్రం దయచేసి గీయించకండి. పై పొర ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాస్తుంది. ఈ జాతిలో ఒకసారి గీసేస్తే కొన్నిచోట్ల మళ్లీ మొలవకపోవచ్చు కూడా. రోజూ దువ్వి లోపలి చిక్కు తీస్తే చాలు.

కూకట్‌పల్లి కోడలు:
మాకు సెల్లార్ ఉంది, పొద్దున ఐదున్నరకి కార్లు కదలవు. అత్తయ్యగారు కూడా సరేనన్నారు, తనూ వస్తానంటున్నారు. లిఫ్ట్‌లో కుక్కని ఎక్కించొద్దని అసోసియేషన్ వాళ్లు అంటే ఏం చెప్పాలి? మెడకి బెల్టు ఉంది, అది చాలా?

మారేడ్‌పల్లి:
కుక్కల్ని పెంచొద్దని గానీ, లిఫ్ట్ ఎక్కించొద్దని గానీ అసోసియేషన్లు నిషేధం పెట్టకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. ఆ కాగితం చూపించండి. దాంతోపాటు మలం తీసే కవరు మీ చేతిలో ఉంటే సగం గొడవ అక్కడే తగ్గుతుంది.

మెడ బెల్టు వద్దు. ఈ జాతికి శ్వాసనాళం మెత్తన, లాగిన కొద్దీ నొక్కుకుపోయి బాతు అరిచినట్టు దగ్గు వస్తుంది. ఛాతీకి తగిలించే హార్నెస్ కొనండి. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత టేపుతో కొలుచుకుని వెళ్లండి. తొడిగాక రెండు వేళ్లు దూరేంత వదులుండాలి, అంతకన్నా వదులైతే వెనక్కి నడిచి ఊడబెరుక్కుంటుంది.