బరాత్ కోసం పాత మోడల్ ఓపెన్ కారు కట్టిస్తున్నం, బయట ఏ రంగు, లోపల ఏ రంగు?

టెంట్‌హౌస్ అల్లుడు (మిర్యాలగూడ):

అన్నలందరికి నమస్తే. మా మామది టెంట్ హౌస్, ఎప్పటినుంచో అంటుండు బరాత్‌లకు పాత కాలం ఓపెన్ కారు ఒకటి మన సొంతంది ఉండాలె, ప్రతి ముహూర్తానికి హైదరాబాద్ నుంచి కిరాయికి తెప్పిస్తే మనకు మిగిలేదేంది అని. మొత్తానికి పాత జీపు ఛాసిస్ దొరికింది, దానిమీద కూసునేటట్టు ఫైబర్ బాడీ కిట్టు తెప్పించినం, 1930ల ఇంగ్లీషోళ్ల మోడల్, పొడుగు బానెట్, పక్కలకు వంపు తిరిగిన మడ్‌గార్డులు, కింద ఫుట్‌బోర్డు, వెనక స్టెప్నీ. ఇంజన్ పని అయిపోయింది, వైరింగ్ నడుస్తుంది, ఇప్పుడు కొట్లాటంత రంగు కాడనే.

నాకైతే ముదురు ఆకుపచ్చ, లోపల టాన్ కలర్ సీట్లు మస్తుంటది అనిపిస్తుంది, నెట్ల చూసిన విదేశీ బండ్లన్ని గట్లనే ఉన్నయి. మా ఆమె క్రీమ్ అంటది, లోపల కూడ క్రీమే, సోఫాకు కుట్టినట్టు బటన్లు కుట్టియ్యాలట. మామ ఎర్రగ లేకుంటే అది బరాత్ బండే కాదంటుండు. పెయింటర్ పర్ల్ వైట్ అంటుండు. ఎవరి మాట ఇనాలె? ఇంకోటి, మామూలు డ్యూకో లాకర్ పెయింట్ కొట్టియ్యాల్నా, హార్డెనర్ కలిపి కొట్టే 2కే పెయింట్ కొట్టియ్యాల్నా, ఇప్పుడు వానలు పడుతున్నయి, మాఘమాసం ముహూర్తాలకైతే బండి బయటికి రావాలె. పైన మడిచే టాప్ బట్ట రంగు కూడ చెప్పుండ్రి.


పాలమూరు స్ప్రేగన్ (జడ్చర్ల):

తమ్ముడూ రంగు తర్వాత, ముందుగాల బాడీని కొన్ని వారాలు ఎండకు పెట్టు. ఫైబర్ బాడీ అచ్చులకెళ్లి తీసినంక కూడ లోపల రెజిన్ ఇంక గట్టిపడుతనే ఉంటది, తొందరపడి పెయింట్ కొట్టినమనుకో కొన్నాళ్లకు గాజు పీచు అల్లిక పైకి తేలి గీతలు గీతలు కనపడతది. ముదురు రంగైతే ఇంకా ఘోరం, ఎండను గుంజుకుంటది, బాడీ కాగుతది, అల్లిక అద్దంల చూసినట్టు కనపడతది. మన దిక్కు మే నెల ఎండ నీకు తెలువంది కాదు. నీ ముదురు ఆకుపచ్చ బాగనే ఉంటది గని చల్లటి దేశంల. ఇక్కడ కొట్టొద్దని కాదు, కొట్టాలంటే బాడీ మంచిగ ఆరాలె, పెయింట్ కింద కొట్టే సర్ఫేసర్ మందంగ పడాలె.

రెండోది మైనం. బాడీ అచ్చుకు అతుక్కోవద్దని అచ్చుకు మైనం రాస్తరు, అది బాడీ మీదికి కూడ వస్తది. చానమంది ఏంచేస్తరంటే బాడీ రాంగనే వాటర్ పేపర్ పట్టుకొని రుద్దుతరు, ఆ మైనం గీతలల్లకు పోయి కూసుంటది, పెయింట్ కొట్టంగనే చిన్న చిన్న గుంటలు పడ్తయి, ఫిష్ ఐ అంటం మేము. ముందు వ్యాక్స్ రిమూవర్‌తోని తుడువు, తుడిచిన బట్ట మార్చుకుంట తుడువు, తర్వాతనే పేపర్. ఎట్ల తెలుస్తదంటే మగ్గుతోని నీళ్లు పొయ్యి, నీళ్లు బొట్లు బొట్లుగ దూరం దూరం జరిగితే మైనం ఇంకా ఉన్నట్టు, సాఫ్‌గ పొరలెక్క పారితే పోయినట్టు.

డ్యూకో వానకాలంల వద్దు. గాలిల తేమ ఉంటే ఆరేటప్పుడు తెల్లగ మబ్బు పడ్తది, థిన్నర్ మార్చి కొంత సర్దొచ్చు గని ఓపెన్ బండి ఎప్పుడూ ఎండల వానల ఉండేది, మాటిమాటికి పాలిష్ కొట్టుకుంట కూసోవాలె. 2కేనే కొట్టియ్యి. కాకపోతే దాని హార్డెనర్ ఊపిరితిత్తులకు మంచిది కాదు, పెయింటర్ ముక్కుకు దస్తీ కట్టుకొని కొడతా అంటే ఒప్పుకోకు, సరైన మాస్క్ ఉండాలె. షెడ్డుల కింద నీళ్లు జల్లి దుమ్ము అణగదొక్కి అప్పుడు కొట్టాలె, ఇది మాత్రం మీవోనికి తెలిసే ఉంటది.


బైపాస్ రోడ్ భాయ్:

పర్ల్ వైట్ వద్దు. రేపు పక్కన గీతపడితే ఆ ఒక్క ముక్క టచప్ చేస్తే మ్యాచ్ కాదు, మొత్తం పక్క కొట్టియ్యాలె. పెయింటర్‌కు లాభం.


సీట్లు కుట్టేటోడు (నల్లగొండ):

అందరు పెయింట్ దగ్గర మొదలువెడ్తరు, నేను ఉల్టా చెప్త. ముందుగాల సీటు రెక్సిన్ కొను. ఎందుకంటే పెయింట్ ఏ షేడ్ కావాల్నంటే ఆ షేడ్ కలిపిస్తరు, ఇగ ఇంత ఎరుపు తగ్గించు ఇంత నలుపు పెంచు అంటే అయితది, రెక్సిన్ అట్ల కాదు, షాపుల ఉన్న నాలుగు రంగులల్లనే ఏరుకోవాలె. బండికి రంగు కొట్టి నా దగ్గరికి వచ్చి అన్నా దీనికి మ్యాచింగ్ టాన్ కావాలె అంటరు, దొరికేది ఒకటి నారింజ కొడ్తది ఒకటి మట్టి కొడ్తది. ముక్క తెచ్చుకొని దాన్ని పట్టుకొని పెయింట్ కలిపే షాపుకు పో. సీట్లకు, డోర్ ప్యాడ్లకు, స్టెప్నీ కవర్‌కు అన్నిటికి లెక్కేసి ఒకే తానులకెళ్లి తీస్కో, తర్వాత రెండు మీటర్లు తక్కువపడ్డయని పోతే అదే నంబర్ ఇస్తడు గని రంగు తేడా వస్తది.

చెల్లె బటన్లు అడిగిందన్నవు కదా, వద్దని చెప్పు. పెండ్లి బండి అది. తలంబ్రాలు, అక్షింతలు, పూల రేకులు, చెమ్కీ అన్ని పోయి ఆ బటన్ గుంటలల్ల ఇరుక్కుంటయి, పుల్ల పెట్టి తీసుకుంట కూసోవాలె, తడి బియ్యం ఉండిపోతే వాసన వేరే. నిలువుగ పైపులు పైపులుగ కుట్టియ్యి, ఒక్కసారి చెయ్యి గుంజితే అన్ని కిందికి వస్తయి. ఆ కాలం ఇంగ్లీష్ ఓపెన్ బండ్లల్ల సీట్లు చాన మటుకు గట్లనే ఉంటయి, చూడనీకె కూడ అసలు దానికి దగ్గర. సీటు అడుగున నీళ్లు పోనీకె రంధ్రాలు వదులు, ఓపెన్ బండి కదా, ఫోమ్ తడిస్తే ఆరదు.

క్రీమ్ సీట్ల గురించి ఒకటే మాట, పసుపు. పెండ్లికొడుకు పంచె, పెండ్లికూతురు కాళ్లు, పారాణి, కుంకుమ. పసుపు మరక ఎండకు పెడితే కొంత పోతది, పారాణిది, కుంకుమది పోదు. నల్లది అసలే వద్దు, పొద్దున పది దాటితే దానిమీద కూసునుడు కష్టం.


డెకరేషన్ పటేల్ (సూర్యాపేట):

పై అన్న చెప్పింది కరెక్ట్. నేను ఇసొంటి బండ్లకు పూలు కడ్తుంట కాబట్టి నా దిక్కు నుంచి చెప్త. బరాత్ రాత్రి పూట. ముదురు ఆకుపచ్చ పగలు దర్జాగ ఉంటది, రాత్రి డీజే లైట్లల్ల నల్లగనే కనపడతది, ఫోటోల మరీ నలుపు. లైట్ కలర్ అయితే ఎర్ర లైట్ పడితే ఎర్రగ నీలం పడితే నీలంగ బండి మొత్తం వెలుగుతది, ఫోటోగ్రాఫర్లు గిదే అడుగుతరు. బంతిపూలు క్రీమ్ మీద ఎగిరొస్తయి, ఎరుపు మీద గులాబీలు కడితే కనపడనే కనపడయి. నిండు ఎరుపు మీద ఏ పువ్వు కట్టినా రెండు కొట్లాడుకుంటయి, మామకు జర చెప్పు.

ఇంకోటి. పెయింట్ కొత్తగున్నప్పుడు పూలోళ్లను టేపు వెయ్యనియ్యకు. డబల్ సైడ్ టేపు గుంజితే జిగురు అంటుకుంటది, సరిగ ఆరని కోటింగ్ అయితే పొరే లేస్తది. బాడీకి చిన్న చిన్న హుక్కులు, తాడు కట్టనీకె కమ్మీలు ఇప్పుడే పెట్టించుకో, పెయింట్ కంటే ముందు. ఇది ఎవరూ చెప్పరు.


గడియారం సెంటర్ (నల్లగొండ):

పాత బండి అంటే నలుపే అని చాలామంది అనుకుంటారు కానీ అది ఫోర్డ్ మోడల్ టీ పుణ్యం, 1914 నుంచి 1925 దాకా దాన్ని నలుపులోనే అమ్మారు. మీరందరూ డ్యూకో డ్యూకో అంటున్నారే, అది అమెరికా డ్యూపాంట్ కంపెనీ లాకర్ పేరు, 1923లో వచ్చింది, 1924 మోడల్ ఓక్లాండ్ అనే కంపెనీ కార్లకు మొదట నీలం రంగులో కొట్టారు. అంతకుముందు రంగు ఆరడానికి రోజులకు రోజులు పట్టేది, ఇది గంటల్లో ఆరేది, ఆ తర్వాతే మామూలు కార్లకు కూడా రకరకాల రంగులు మొదలయ్యాయి. అంటే మీ బండి 1930ల మోడల్ కాబట్టి రంగులున్న కాలానిదే, మొహమాటం అక్కర్లేదు. నిండు రంగులే వాడండి, మెటాలిక్, పర్ల్ మెరుపు పడితే ఆ కాలం పోలిక పోతుంది.

మీరు మెచ్చిన ఆకుపచ్చకు ఒక కథ ఉంది. 1903లో ఐర్లండ్‌లో జరిగిన గోర్డన్ బెన్నెట్ రేసులో ఇంగ్లండ్ బండ్లు ఆకుపచ్చ వేసుకొని దిగాయి, అప్పటినుంచి రేసుల్లో అది వాళ్ల రంగు అయింది, ఫ్రాన్స్‌కు నీలం, ఇటలీకి ఎరుపు అట్లా. దానికి ఒకే ఒక్క షేడ్ అంటూ లేదు, అందుకే నెట్లో ఒక్కో బండి ఒక్కో పచ్చ కనిపిస్తుంది. అది పరుగు పందెం రంగు, ఊరేగింపు రంగు కాదు. ఊరేగింపు రంగు చూడాలంటే హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కు పోండి, 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అక్కడుంది, పసుపు రంగు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డర్ చేసిన బండి, మన పాలమూరుకు మహబూబ్‌నగర్ అని ఆయన పేరే. బండి చేతికి రాకముందే 1911లో పోయారాయన.

నా ఓటు రెండు రంగులకు. నారాయణపేట చీర చూడండి, ఒంటి రంగు ఒకటి, అంచు రంగు ఒకటి, కొంగు మళ్లీ ఆ అంచు రంగు చుట్టూనే తిరుగుతుంది. బండికీ అంతే, బాడీ ఒకటి, మడ్‌గార్డులు ఫుట్‌బోర్డు ఇంకోటి, సీట్లు ఆ మడ్‌గార్డు రంగువే. మూడో రంగు తెచ్చారా చెడింది. మడ్‌గార్డులు ముదురుగా ఉంటే ఇంకో లాభం, టైర్లు చిమ్మే బురద, రాళ్ల దెబ్బలు అక్కడే పడతాయి.


ఫైల్ పెండింగ్:

రంగుల ముచ్చట బాగుంది గని ఒకటి ఎవరూ అనలే. పచ్చ వేసినా గిసినా అది ఆలివ్ గ్రీన్ దిక్కు పోవద్దు, మిలిటరీ రంగు. కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌ల 121వ రూల్, ఆ రంగు రక్షణ శాఖ బండ్లకు తప్ప ఎవరికీ లేదు. జీపు ఛాసిస్ అంటే మళ్లీ అనుమానం ఎక్కువ వస్తది. ఆర్సీల రంగు రాసి ఉంటది, అది మారితే ఆర్టీఏల చెప్పి రాయించుకోవాలె. రంగు చిన్న ముచ్చట, బాడీ మొత్తం మార్చినవు కదా, బండిల మార్పుల గురించి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒకసారి చదువు.


టెంట్‌హౌస్ అల్లుడు (మిర్యాలగూడ):

అన్నా మేము బండిని ఊరూరికి డీసీఎంల ఎక్కించే తీస్కపోతం, రోడ్డు మీద నడపం.


ఫైల్ పెండింగ్:

బరాత్ రోడ్డు మీదనే కదా తమ్ముడు. పెయింట్ డబ్బాలు కొనకముందే ఆర్టీఏకు పోయి అడుగు, అంతే.


టెంట్‌హౌస్ అల్లుడు (మిర్యాలగూడ):

సరే అన్న, సోమవారం పోత. అందరికి థాంక్స్, ఇంట్ల అందరికి చదివి ఇనిపించిన. మామ సీట్ల ముచ్చట దగ్గర మెత్తవడ్డడు. ఇప్పటికి అనుకున్నదేందంటే బాడీ ఐవరీ, మరీ తెలుపు కాకుండ జర పసుపు దిక్కు, మడ్‌గార్డులు ఫుట్‌బోర్డు స్టెప్నీ కవర్ ముదురు మెరూన్, సీట్లు అదే మెరూన్ నిలువు పైపులు, పైపింగ్ ఐవరీ. మా ఆమెకు క్రీమ్ అయింది, మామకు ఎరుపు సగమయింది, నా పచ్చ ఎటో పోయింది. టాప్ బట్ట బీజ్ అనుకుంటున్న. సీట్లు మెరూన్ అయితే ఎండకు కాలదా?


సీట్లు కుట్టేటోడు (నల్లగొండ):

నలుపంత కాదు గని కాలుతది. బరాత్ టైముకు పొద్దు గూకుతది, ఆ లోపల టాప్ వేసి పెట్టుండ్రి, లేకుంటే తెల్ల దుప్పటి కప్పి ఉంచుండ్రి. టాప్ బీజ్ వద్దు, అది మూడో రంగు అయితది, పై సారు చెప్పిండు కదా. మెరూన్ కాన్వాస్ దొరికితే అదే, దొరకకుంటే ఐవరీకి దగ్గరిది. మెరూన్ ఎండకు వెలిసిపోతది, అందుకే ఖాళీగున్నప్పుడు షెడ్డులనే ఉంచు, మంచి కవర్ కుట్టించు. మడిచిన టాప్ వెనక సీటు మీదికి రాకుండ చూస్కో, పెండ్లికూతురు జడ తట్టుకుంటది.


పాలమూరు స్ప్రేగన్ (జడ్చర్ల):

కాంబినేషన్ బాగుంది. మడ్‌గార్డులు ఇప్పి వేరుగనే కొట్టియ్యి, బాడీ మీద పెట్టి పేపర్ అంటించి కొట్టొద్దు, జాయింట్ దగ్గర అంచు లేస్తది. ఇప్పినప్పుడు మడతల లోపలికి కూడ రంగు పోతది. బిగించేటప్పుడు బాడీకి మడ్‌గార్డుకు నడుమ రబ్బర్ బీడింగ్ పెట్టాలె, లేకుంటే రెండు ఒరుసుకొని రంగు పోతది. బీడింగ్ నలుపు కాకుండ మెరూన్‌దే దొరుకుతదా చూడు.

షేడ్ కార్డు మీద అరంగుళం ముక్క చూసి ఫైనల్ చెయ్యకు. ఐవరీ అంత పెద్ద బాడీ మీద కార్డుల కన్నా తెల్లగ కనపడతది, మెరూన్ వంపుల కింద నల్లగయితది. కిట్టుతోని వచ్చిన పనికిరాని ఫైబర్ ముక్క ఒకటి తీస్కో, వంపు ఉన్న ముక్క అయితే మంచిది, సగం ఐవరీ సగం మెరూన్ కొట్టి దానిమీద నీ రెక్సిన్ ముక్క పెట్టి మిట్ట మధ్యాహ్నం చూడు, రాత్రి లైట్ల కింద చూడు, ఒక రోజు కంకర రోడ్డు పక్కన పెట్టి దుమ్ము పడ్డంక చూడు. మీ దిక్కు ఎర్ర దుమ్మా నల్లరేగడి దుమ్మా అన్నదాన్ని బట్టి ఐవరీల పసుపు ఎంత ఉండాల్నో తేలుతది. ఖరారైనంక మొత్తం ఒకేసారి కలిపించి కొంత మిగుల్చుకో, మూత గట్టిగ పెట్టి దాచు, హార్డెనర్ మాత్రం కలపకు, కలిపితే గంటలల్లనే గట్టివడ్తది.


టెంట్‌హౌస్ అల్లుడు (మిర్యాలగూడ):

మంచిదన్న, ముక్క కొట్టినంక ఫోటో తీసి ఇక్కడ పెడత, షేడ్ చూసి చెప్పు.


పాలమూరు స్ప్రేగన్ (జడ్చర్ల):

ఫోటో వద్దు, ఒక్కో ఫోన్ల ఒక్కో రంగు కనపడతది. డీసీఎం ఇటు వచ్చినప్పుడు ముక్క దాంట్ల పడెయ్యి, చూసి చెప్త.