ఎడ్మంటన్ చలికి తమ్ముడి బీర్ కిట్ ఆగిపోయింది, పారబోయాలా?

మిర్యాలగూడ పోరడు:
అన్నలూ, ప్రశ్న నాది కాదు, కెనడా ఎడ్మంటన్‌లో చదువుతున్న మా తమ్ముడిది. అక్కడ సొంతానికి ఇంట్లో బీర్ చేసుకుంటే తప్పు లేదట, కిట్ కొన్నాడు. డబ్బాలోని మాల్ట్ పాకం, కిలో చక్కెర, నీళ్ళు కలిపి 23 లీటర్లు చేసి, ఈస్ట్ చల్లి బేస్‌మెంట్‌లో పెట్టాడు. మొదట బుడగలు బాగానే వచ్చాయట, తర్వాత బంద్. బయట మైనస్ 20, బేస్‌మెంట్‌లో 13. ఈస్ట్ చచ్చిపోయింది, పారబోస్తా అంటున్నాడు. మనకు అర్ధరాత్రి దాటాక వీడియో కాల్ చేసి ఆ బకెట్ చూపిస్తాడు, పొద్దున్నే నేను మిల్లుకు పోవాలి. ఏం చెప్పమంటారు?

నకిరేకల్ గౌడ్:
పారబోయొద్దని చెప్పు. చలికి ఈస్ట్ చావదు, పడుకుంటది. మాది గీత పనిచేసే ఇల్లు. చలికాలం ఈత కల్లు పొద్దున దింపితే చాలాసేపు తియ్యగానే ఉంటుంది, ఎండాకాలం తాటి కల్లయితే మధ్యాహ్నానికే పులిసి లొట్టిలో నురగ పొంగుతుంది. పని చేసేది అక్కడా ఇక్కడా ఈస్టే. కాకపోతే మనకు లొట్టిలో అంటుకొని ఉన్నదే సరిపోతుంది, వాడు ప్యాకెట్ కొన్నాడు.

పాలమూరుకు వాపస్:
గౌడన్న మాట కరెక్ట్. నేను టొరంటోలో ఉన్నప్పుడు చాలా కిట్లు చేశాను. డబ్బా మీద లాగర్ (చల్లగా పులిసే బీర్ రకం) అని ఉన్నా చాలా కిట్లలో ఇచ్చేది ఏల్ (వెచ్చగా పులిసే రకం) ఈస్టే, దానికి 18 నుంచి 22 డిగ్రీలు ఉండాలి. నిజంగా లాగర్ ఈస్టే అయితే 10-13లో కూడా నిదానంగా పని చేస్తుంది, కాబట్టి ముందు ప్యాకెట్ చదవమను. ఇంకోటి, బుడగలు రాకపోతే ఆగిపోయిందనుకోవద్దు, మూత దగ్గర సందుంటే గ్యాస్ అటునుంచే పోతుంది. హైడ్రోమీటర్ వేసి చూడాలి, అంటే బీర్‌లో తేలుతూ ఇంకా ఎంత తీపి మిగిలిందో చూపే గాజు గొట్టం; మామూలు నీళ్ళకు 1000 చూపిస్తుంది, తీపి ఎక్కువుంటే అంకె పెరుగుతుంది. మొదట్లో 1040 దగ్గర ఉన్నది ఇప్పుడు 1010 చుట్టుపక్కలకు వస్తే పని అయిపోయినట్టు, 1020 దగ్గరే నిలబడితే ఆగినట్టు. చూసిన శాంపిల్ మళ్ళీ బకెట్‌లో పోయొద్దు, తాగేయొచ్చు.

ఆగి ఉంటే బకెట్‌ను ఆ కాంక్రీట్ నేల మీద నుంచి లేపి పైన గదిలోకి తేవాలి. ఒక్క దుప్పటి చుడితే చాలదు, దుప్పటి ఉన్న వేడిని పట్టి ఉంచుతుందే గానీ పుట్టించదు కదా. పెద్ద టబ్‌లో నీళ్ళు పోసి, అక్వేరియం హీటర్ 20కి పెట్టి, బకెట్ అందులో నిలబెడితే రాత్రీ పగలూ ఒకేలా ఉంటుంది. రూమ్ హీటర్ పక్కన మాత్రం వద్దు, ఒకవైపే కాగుతుంది. అడుగున పేరుకున్న ఈస్ట్ లేవడానికి మూత తీయకుండా బకెట్‌ను మెల్లగా తిప్పాలి. గరిటె పెట్టి కలిపితే గాలి చేరి రుచి చెడుతుంది.

మిర్యాలగూడ పోరడు:
థాంక్స్ అన్నా. మా అమ్మేమో కిటికీ దగ్గర ఎండలో పెట్టమంటోంది 😀

పాలమూరుకు వాపస్:
అమ్మకు దండం పెట్టి వద్దని చెప్పు. బీర్‌కు చేదునిచ్చే హాప్స్ పూలు అందులో ఉంటాయి, వాటికి ఎండ తగిలితే కంపు కొడుతుంది, బీర్ సీసాలు ముదురు రంగులో ఉండేది అందుకే.

దేవరకొండ బుల్లెట్:
మనం కూడా చేద్దాం బ్రో, డిసెంబర్‌లో మన ఇళ్ళల్లో హీటర్ కూడా అక్కర్లేదు.

నకిరేకల్ గౌడ్:
ఎక్సైజ్ వాళ్ళు వస్తే నువ్వే మాట్లాడు మరి. ఇక్కడ లైసెన్స్ లేకుండా ఇంట్లో తయారు చేస్తే కేసే. కల్లు గీయడానికి మాకే లైసెన్స్ కావాలి.

మిర్యాలగూడ పోరడు:
అప్‌డేట్: రీడింగ్ 1022 ఉందట. టబ్‌లో పెట్టాక మళ్ళీ బుడగలు మొదలైనయ్. శనివారం సీసాల్లో పోస్తా అంటున్నాడు.

పాలమూరుకు వాపస్:
శనివారం, ఆదివారం అని లెక్క పెట్టొద్దు. రెండు మూడు రోజులు వరుసగా చూసినా రీడింగ్ కదలకపోతేనే సీసాల్లో పోయాలి, లేకపోతే మిగిలిన తీపి లోపలే పులిసి సీసాలు పేలతాయి, గాజు ముక్కలతో ఆటలు కాదు. సీసాలో గ్యాస్ పట్టడానికి 750 మిల్లీలీటర్లకు చక్కెర 6 గ్రాములు వేస్తే చాలు. పోశాక రెండు వారాలు ఆ సీసాలు కూడా వెచ్చని గదిలోనే ఉండాలి, మళ్ళీ బేస్‌మెంట్‌లో పెడితే గ్యాస్ పట్టదు.