మూడుల్‌లో పాత అసైన్‌మెంట్లకు గ్రూప్ మోడ్ ఒకేసారి మార్చడం ఎలా?

నమస్కారం. మా డిగ్రీ కళాశాలలో మూడుల్ (ఆన్‌లైన్ బోధనకు వాడే సాఫ్ట్‌వేర్) మీద నడిచే ఒక కోర్సులో ఎ, బి సెక్షన్ల విద్యార్థులను రెండు గ్రూపులుగా చేర్చి, అతిథి అధ్యాపకులకు ‘నాన్ ఎడిటింగ్ టీచర్’ (కోర్సును మార్చలేరు, మార్కులు వేయగలరు) పాత్ర ఇచ్చి, ఎవరి సెక్షన్ జవాబులు వారే దిద్దేలా కోర్సు సెట్టింగుల్లో గ్రూప్ మోడ్‌ను ‘సెపరేట్ గ్రూప్స్’గా (ఎవరి గ్రూపు వారికే కనిపించేలా) పెట్టాను. కొత్త అసైన్‌మెంట్లలో ఇది సరిగానే పనిచేస్తోంది. అంతకుముందు తయారైనవాటిలో మాత్రం బి సెక్షన్ అధ్యాపకురాలికి ఎ సెక్షన్ పిల్లల పేర్లూ మార్కులూ కనిపిస్తున్నాయి. అన్ని గ్రూపులనూ చూడనిచ్చే ‘యాక్సెస్ ఆల్ గ్రూప్స్’ అనుమతి ఆ పాత్రకు లేదని సరిచూసుకున్నాను. కోర్సులోని అన్నిటికీ ఒకే మోడ్ వర్తింపజేసే ‘ఫోర్స్ గ్రూప్ మోడ్’ పెడితే పాతవన్నీ దారికొస్తాయి గానీ, రెండు సెక్షన్లూ కలిసి చర్చించుకునే ఫోరం కూడా విడిపోతుంది, అలా జరగకూడదు. ఒక్కొక్కటీ తెరవకుండా అసైన్‌మెంట్లకు మాత్రమే మోడ్ మార్చే మార్గముందా? ఇప్పటికే వేసిన మార్కులకు దానివల్ల ఇబ్బంది రాదు కదా? పిల్లల మార్కుల గోప్యతకు సంబంధించిన విషయం కనుక, అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.