ఆఫీసు సర్వర్‌లో ఫైర్‌వాల్‌ను ఆపి ఉంచడం సబబేనా?

ద్వారకానగర్ అకౌంటెంట్:
మా ఆఫీసులో గత వారం కొత్త రౌటర్ పెట్టించాము. అప్పటి నుంచి బిల్లింగ్ ప్రోగ్రామ్ సర్వర్ మీద చక్కగా తెరుచుకుంటున్నా, మిగతా సిస్టమ్‌లలో సుమారు 20 సెకన్లు తిరిగి ‘టైమ్ అవుట్’ అని ఆగిపోయేది. టెక్నీషియన్ వచ్చి సర్వర్‌లో, అనుమతి లేని కనెక్షన్లను అడ్డుకునే విండోస్ ఫైర్‌వాల్ ఆపేయగానే ఒక్క సిస్టమ్ తప్ప అన్నీ కలిశాయి. దానిని అలాగే ఉంచేయమని చెప్పి వెళ్లారు. ఉంచవచ్చునా? బిల్లింగ్ వివరాలు దాచే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్.

గాజువాక సర్వీసు:
నిక్షేపంగా ఉంచవచ్చు. బయటి నుంచి వచ్చేదాన్ని రౌటర్ ఎలాగూ అడ్డుకుంటుంది. 20వ తేదీ దగ్గర పడి జీఎస్టీ 3బి రిటర్నుల హడావిడిలో ఉన్న ఆఫీసుకు పని నడవడం ముఖ్యం గాని, ఫైర్‌వాల్‌లో ఏ రూల్ ఏ ప్రొఫైల్‌కు (నమ్మకమైన నెట్‌వర్క్ అయితే ప్రైవేట్, కాకపోతే పబ్లిక్) వర్తిస్తుందో వెతుకుతూ కూర్చోవడం కాదు. అవతల ఎన్‌ఏడీ కూడలి ట్రాఫిక్ దాటి ప్రతిసారీ వెళ్లవలసింది మేమే కదండీ.

మద్దిలపాలెం అడ్మిన్:
గాజువాక వారి ఇబ్బంది అర్థమవుతోంది. అయితే పరీక్ష కోసం రెండు నిమిషాలు ఆపడం వేరు, ఆపి వెళ్లిపోవడం వేరు. ఒకే స్విచ్‌కు తగిలించిన రెండు సిస్టమ్‌ల మధ్య నడిచే డేటా రౌటర్ ఫైర్‌వాల్ దాకా పోనే పోదు కాబట్టి, లోపల ఒక సిస్టమ్‌కు వైరస్ సోకితే సర్వర్‌కు రౌటర్ అడ్డుపడలేదు. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్, ఫైల్ షేరింగ్‌కు వాడే 445 పోర్టు (ఒక్కో సేవకు ఉండే నంబరు ద్వారం) గుండా సిస్టమ్ నుంచి సిస్టమ్‌కు తనంతట తానే పాకింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లూ కొన్ని దానికి చిక్కాయి.

ఇక అసలు సంగతి. ఫైర్‌వాల్ అడ్డు లేనప్పుడు, సర్వర్‌లో ప్రోగ్రామే నడవకపోతే సాధారణంగా ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అని వెంటనే జవాబు వస్తుంది. ఏ జవాబూ లేకుండా ఆగి ఆగి టైమ్ అవుట్ కావడం ఫైర్‌వాల్ మింగేసిందనడానికి బలమైన సూచన. రౌటర్ మారితే విండోస్ దానిని కొత్త నెట్‌వర్క్‌గా భావించి పబ్లిక్ ప్రొఫైల్‌లో పెట్టే అవకాశం ఉంది, అప్పుడు ప్రైవేట్‌కు రాసుకున్న రూల్స్ పనిచేయవు. ముందుగా ప్రొఫైల్‌ను ప్రైవేట్‌కు మార్చి, ఫైర్‌వాల్ ఆన్ చేసి, క్లయింట్ (సర్వర్‌ను వాడే సిస్టమ్) నుంచి విండోస్ కమాండ్ విండో అయిన పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్‌తో మైఎస్‌క్యూఎల్ వాడే 3306 పోర్టును పరీక్షించండి. సిస్టమ్ పలుకుతోందా అని చూసే పింగ్‌ను నమ్ముకోవద్దు, అది ఆగినా పోర్టు తెరిచి ఉండవచ్చు. ఫైర్‌వాల్ ఆపినా కలవని ఆ ఒక్క సిస్టమ్ రోగం వేరు, దాని ఐపీ (నెట్‌వర్క్ చిరునామా) చూడండి.

గాజువాక సర్వీసు:
మైఎస్‌క్యూఎల్ కాబట్టి సరిపోయింది. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌ను నేమ్డ్ ఇన్‌స్టెన్స్‌గా (వేరే పేరు పెట్టి) నడిపితే మామూలుగా పోర్టు స్థిరంగా ఉండదు, ఆ పోర్టు ఏదో చెప్పే యూడీపీ 1434 కూడా తెరవాలి. ఈ రోజు ఒక పోర్టు తెరిచి వస్తే, సర్వర్ రీస్టార్ట్ అయ్యాక మళ్లీ ఫోన్ వస్తుంది.

మద్దిలపాలెం అడ్మిన్:
ఆ మాట నిజమే. అక్కడ పోర్టును స్థిరంగా కేటాయించాలి, లేదా రూల్‌ను పోర్టుకు కాక ప్రోగ్రామ్‌కు రాయాలి.

ద్వారకానగర్ అకౌంటెంట్:
ప్రొఫైల్ పబ్లిక్‌లోనే ఉంది. మార్చి, ఫైర్‌వాల్ ఆన్ చేశాక కూడా ఆ ఒక్కటి తప్ప అన్నీ కలిశాయి. మిగిలిన సిస్టమ్‌కు 169.254తో మొదలయ్యే ఐపీ ఉంది, అంటే రౌటర్ నుంచి చిరునామా అందక తనకు తానే పెట్టుకున్నది. కేబుల్ ఊడదీస్తే కనెక్టర్ పిన్నులకు పచ్చటి చిలుము పట్టి ఉంది.

గాజువాక సర్వీసు:
ఉప్పు గాలి, బీచ్ రోడ్డు ఆఫీసుల్లో మాకిది మామూలే. కేబుల్‌కు కొత్త కనెక్టర్ క్రింప్ చేయించండి (నొక్కి బిగింపజేయండి). కానీ మళ్లీ రౌటర్ మారిస్తే ఇదే కథ కదా?

మద్దిలపాలెం అడ్మిన్:
3306 రూల్‌ను అన్ని ప్రొఫైల్‌లకూ వర్తింపజేసి, స్కోప్‌లో (ఎవరి నుంచి అనుమతించాలో చెప్పే చోట) ‘లోకల్ సబ్‌నెట్’, అంటే అదే లోపలి నెట్‌వర్క్, అని పెడితే ఆ కథ మళ్లీ రాదు.