బేరానికి ఒక్క సంఘమా, అన్నీ కలిసా?

గాజువాక ఫిట్టర్:
పారిశ్రామిక సంబంధాల కోడ్ అనే కొత్త కార్మిక చట్టం 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. మస్టర్ రోల్‌లో (సంస్థ హాజరు పట్టీలో) ఉన్న కార్మికుల్లో 51 శాతం మంది ఏ కార్మిక సంఘం వెంట ఉంటే యాజమాన్యంతో అదొక్కటే మాట్లాడుతుంది. ఎవరికీ అంత బలం లేకపోతే 20 శాతానికి తగ్గని మద్దతున్న సంఘాలతో చర్చల మండలి వేస్తారు. నేను ఒక్క సంఘం వైపే. స్టీల్‌ప్లాంటులో రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘాన్ని ఎన్నుకోవడం మన విశాఖకు కొత్తేం కాదు. నాలుగు సంఘాలు నాలుగు డిమాండ్ల పత్రాలిస్తే, యాజమాన్యం అన్నిట్లోకీ తక్కువ అడిగిన కాగితాన్నే ముందు పెట్టుకుంటుంది.

కంచరపాలెం:
ఫిట్టర్ గారూ, 51 ఉన్నవాళ్లు సంతకం పెట్టేస్తే మిగతా 49 మంది గోడు ఎవరికి చెప్పుకోవాలి? అలాగని మండలిలోనూ అందరికీ చోటుండదు. ఒక ఫ్యాక్టరీలో బలాబలాలు 45, 30, 15, 10 అనుకోండి. చివరి రెండు సంఘాలకూ కుర్చీ లేదు, అంటే పాతిక శాతం మంది బయటే. పైగా మండలిలో ప్రతినిధుల మెజారిటీ ఒప్పుకుంటే చాలు, ఒప్పందం అయిపోయినట్టే. అందుకే ముసాయిదాను గేటు దగ్గర చదివి వినిపించి, కార్మికుల ఓటు తీసుకున్నాకే సంతకం పెట్టాలి. చట్టం అడగకపోయినా సంఘం తన నిబంధనావళిలో ఈ షరతు రాసుకోవచ్చు.

మల్కాపురం:
బేరానికి ఎవరు కూర్చున్నా దెబ్బ తగిలేది ఒప్పందం కాగితంలోని మాటల దగ్గరే. ఫిట్‌మెంట్ (కొత్త ఒప్పందంలో జీతం పెంపు) 10 శాతం అని చప్పట్లు కొడతారు. దేని మీద? బేసిక్ 30,000, డీఏ 10,000 అయితే బేసిక్ మీద 3,000, రెండిటి మీదా 4,000. నెలకు వెయ్యి తేడా, అయిదేళ్లకు 60,000. 2024లో ప్రధాన పోర్టుల ఒప్పందంలో 8.5 శాతాన్ని బేసిక్, డీఏ రెండిటి మీదా లెక్కగట్టారు, 2022 జనవరి 1 నుంచి వర్తింపజేశారు. అలా వర్తించే తేదీ స్పష్టంగా లేకపోతే ఎరియర్స్ (పాత బకాయిలు) మీద ఆశ వదులుకోవాల్సిందే. ప్రతి సమావేశం మినిట్స్ మీదా అదే రోజు రెండు పక్షాల సంతకాలూ పడాలి. వారం ఆగితే మాట మారిపోతుంది.

గాజువాక ఫిట్టర్:
గేటు ఓటు సంగతి ఒప్పుకుంటాను. కానీ సమ్మె దగ్గర చీలిక ప్రాణాంతకం. 14 రోజుల ముందు నోటీసివ్వాలి. ఈలోగా కార్మిక శాఖ రాజీ అధికారి మొదటి సమావేశం పెట్టాడంటే రాజీ ప్రక్రియ మొదలైనట్టే. అది ముగిశాక ఇంకో ఏడు రోజులు గడిచేదాకా సమ్మె చెల్లదు. సగం మంది ఒకేసారి క్యాజువల్ లీవు పెట్టినా సమ్మెగానే లెక్క. ఇన్ని రోజులు జనాన్ని ఒక్క మాట మీద నిలబెట్టడం నాలుగు జెండాలతో అయ్యే పని కాదు.

కంచరపాలెం:
ఒక్క మాట మీద నిలబెట్టడానికే ఓటు అంటున్నాను. రాజీ అధికారి ఎదుట కుదిరిన ఒప్పందం, పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో సెక్షన్ 12(3) ఒప్పందం అనేవాళ్లమే, ఓడిన సంఘం సభ్యుడికీ రేపు చేరే కుర్రాడికీ వర్తిస్తుంది. రాజీ అధికారి లేకుండా బయట రెండు పక్షాల మధ్య కుదిరింది సంతకం పెట్టినవాళ్లకే. అందరినీ కట్టేసే కాగితాన్ని అందరికీ చూపించకుండా ఎలా పెడతారు?

మల్కాపురం:
ఆ 51 లెక్కలో కాంట్రాక్టు కార్మికులు లేరన్నది మర్చిపోకండి. వాళ్ల పేర్లుండేది కాంట్రాక్టరు మస్టర్‌లో. డిమాండ్ల పత్రంలో వాళ్ల కూలి రేటు, పీఎఫ్, టెండరు మారినప్పుడు పాతవాళ్లనే తీసుకోవాలన్న షరతు విడిగా ఒక క్లాజుగా రాయండి.