లింకు నొక్కి పోయిన పిల్లలను మళ్లా పాఠంలకు తెచ్చేదెట్ల?

నమస్తే. నల్లగొండ పక్కన ఒక ఊర్ల తొమ్మిదో తరగతికి సోషల్ చెప్త. పానగల్ ఛాయా సోమేశ్వరాలయం మీద ఫోన్ల చదువుకునేటట్టు చిన్న పేజీ తయారు చేసిన. కందూరు చోళులు, త్రికూటాలయం (మూడు గర్భగుళ్ల గుడి), గర్భగుడిల పగలంతా లింగం మీద కదలకుండ నిలబడే నీడ... కొత్త మాట వచ్చిన కాడల్లా లింకు పెట్టిన, మొత్తం పదకొండు.

మొన్న చూస్తే ఒక పిల్లగాడు చోళుల లింకు నొక్కి తంజావూరు పోయి, అక్కడినుంచి ఏనుగుల వీడియోల తేలిండు. నీడ సంగతి చదవనే లేదు! వాణ్ణేమనాలె, నేనూ అంతే.

1965లో హైపర్‌టెక్స్ట్ (లింకులతోని అల్లిన రాత) అనే మాటను అచ్చులోకి తెచ్చిన టెడ్ నెల్సన్ ఆలోచనల లింకు రెండు దిక్కులా నడవాలె. 1989లో టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించిన వెబ్‌ల మాత్రం ఒక్క దిక్కే. తిరిగొచ్చే బాట మనమే వెతుక్కోవాలె.

లింకులన్నీ కిందికి దించి ఫుట్‌నోట్ల లెక్క పెట్టాల్నా? లేకుంటే మాట నొక్కంగనే అక్కడ్నే చిన్న పెట్టెల అర్థం తెరుచుకునేటట్టు చేయొచ్చా? కోడింగ్ నాకు అంతంతే. బడిల సిగ్నల్ ఒక్క మూలకే వస్తది, నెట్ లేకున్నా నడవాలె. పిల్లలతోని ఇట్ల చదివించినోళ్లు ఎవరన్నా ఉంటే జర చెప్పుండ్రి.