అరకు ఘాట్‌కి 34/28 చాలట్లేదు: 11-30 వేయాలా, 11-34 వేయాలా?

బొర్రా బాట:
నా రోడ్డు సైకిల్ గేర్లు షిమానో 105 ఆర్7000, 11 స్పీడ్. ముందు రింగులు 50-34 పళ్లు, వెనక కేసెట్ (పళ్ల చక్రాల గుత్తి) 11-28, డిరైలర్ (చైన్‌ను ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి మార్చేది) పొట్టి కేజ్ (ఎస్‌ఎస్). టైర్లు 700x25. మనిషి, సైకిల్, నీళ్లు కలిపి 85 కిలోలు. గంటసేపు నిలకడగా తొక్కగలిగేది 180 వాట్లు. భీమిలి వైపు ఏ ఇబ్బందీ లేదు. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడే గేర్లు అయిపోతున్నాయి, కేడెన్స్ (నిమిషానికి పెడల్ చుట్లు) 55కి పడిపోతోంది. డిరైలర్ ముట్టుకోకుండా 11-30 కేసెట్ ఒక్కటి వేస్తే సరిపోతుందా? 11-34 వేస్తే చదును రోడ్డు మీద గేర్ల మధ్య ఎడం పెరిగి చిరాకు పెడుతుందని అంటున్నారు, నిజమేనా?

పళ్ల లెక్క:
ముందు మీ అంకెలే చూద్దామండీ. 700x25 చక్రం ఒక చుట్టుకు దాదాపు 2.105 మీటర్లు వెళ్తుంది. 8 శాతం ఎక్కుడులో 85 కిలోలకు 180 వాట్లు పెడితే గంటకు 8.6 కి.మీ. కాస్త అటూ ఇటూ వస్తుంది. గేరు ఏదైనా ఈ వేగం మారదు, మారేది కాళ్లు తిరిగే లెక్కే:

34/28 (ముందు 34, వెనక 28) అయితే కేడెన్స్ 56
34/30 అయితే 60
34/32 అయితే 64
34/34 అయితే 68

మీకు 55 దగ్గర కనిపిస్తున్నదంటే లెక్క సరిగ్గానే ఉంది. 28 నుంచి 30కి వెళ్తే దక్కేది 7 శాతం. ఆ నాలుగు చుట్ల కోసం కొత్త కేసెట్ కొనడం దండగ. 34కి వెళ్తే 21 శాతం, అది మోకాళ్లకు తెలుస్తుంది. పైగా హెయిర్‌పిన్ మలుపు లోపలి అంచున వాలు మిగతా రోడ్డు కంటే ఎక్కువ. 56 మీద ఉన్నవాడు అక్కడ లేచి నిలబడాల్సిందే. 68 మీద ఉంటే కూర్చునే దాటొచ్చు.

ఎదురుగాలి:
నేనైతే 11-34 వద్దంటాను. నెలకు ఒక్కసారి ఎక్కే ఘాట్ కోసం మిగతా రోజులన్నీ చదును రోడ్డు మీద రెండేసి పళ్లు దూకుతూ తొక్కాలా? 11-32 వేసుకుంటే రెండు పనులూ జరుగుతాయి.

పళ్ల లెక్క:
ఈ మాట అందరూ అనేదే, కానీ పళ్ల వరస పక్కపక్కన పెట్టి చూడండి.

11-30: 11, 12, 13, 14, 15, 17, 19, 21, 24, 27, 30
11-32: 11, 12, 13, 14, 16, 18, 20, 22, 25, 28, 32
11-34: 11, 13, 15, 17, 19, 21, 23, 25, 27, 30, 34

50 రింగు మీద 90 కేడెన్స్‌తో 21 పళ్లకు 27 కి.మీ., 19కి 30, 17కి 33, 15కి 38. చదును మీద మనలాంటివాళ్ల బతుకంతా ఈ నాలుగు పళ్ల మీదే. అవి 11-30లోనూ 11-34లోనూ అచ్చంగా ఒకటే. 11-28లో కూడా అవే. 11-34లో చదును మీద పోయేవి 12, 14 మాత్రమే, అంటే 40 కి.మీ. పైన గుంపులో లాగేవాళ్లకే ఆ లోటు. రేసులు ఆడేవారైతే మీ మాట నిజమే. 24, 27 స్థానంలో 23, 25, 27 రావడంతో ఎక్కుడులో మెట్లు ఇంకా దగ్గరవుతాయి కూడా.

ఎదురుగాలి:
12, 14 ఒక్కటే తేడానా! 32 వరసలోనే 15, 17, 19 మాయమయ్యాయన్నది గమనించలేదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

గ్రీజు చేతులు:
కేసెట్ సంగతి తేలింది కాబట్టి బిగింపు సంగతి. ఆర్7000 ఎస్‌ఎస్ డిరైలర్‌కు పెద్ద పన్ను (వెనక అతిపెద్ద పళ్ల చక్రం) పరిమితి 30, చైన్ పట్టే సామర్థ్యం (వదులు చైన్‌ను లాగి పట్టగలిగే పళ్ల తేడా) 35. మీ 50-34తో 11-34 వేస్తే (50-34) + (34-11) = 39 కావాలి. ఇంకాస్త పొడవైన జీఎస్ కేజ్‌కు సరిగ్గా 39, పెద్ద పన్ను 28 నుంచి 34 వరకు. కాబట్టి డిరైలర్ మార్చక తప్పదు. ఆర్8000 (అల్టెగ్రా) జీఎస్ దొరికినా ఇదే షిఫ్టర్‌తో పనిచేస్తుంది. పాత తరం 105 అయిన 5800 జీఎస్ ఎవరైనా అంటగడితే తీసుకోకండి, దానికి అధికారికంగా 32 వరకే. హ్యాంగర్ (డిరైలర్ వేలాడే కొక్కెం) ఎక్స్‌టెండర్ పెట్టి ఎస్‌ఎస్‌నే కిందికి దించుతారు కొందరు. పన్నుకు పుల్లీ (డిరైలర్‌లో చైన్‌ను నడిపే చిన్న చక్రం) దూరమై గేరు మొద్దుగా పడుతుంది, నేను సలహా ఇవ్వను.

ఎక్కువ మంది దెబ్బతినేది రెండు చోట్ల.

ఒకటి, స్పేసర్. షిమానో 11-34 (హెచ్‌జీ700, హెచ్‌జీ800) పాత 10 స్పీడ్ వెడల్పు ఫ్రీహబ్‌కు (వెనక చక్రం మీద కేసెట్ ఎక్కే భాగం) చేసినది. మీ 11 స్పీడ్ రోడ్డు ఫ్రీహబ్ మీద కేసెట్ వెనక 1.85 మి.మీ. స్పేసర్ ముందు ఎక్కించాలి. అది మరిచిపోతే లాక్‌రింగ్ (కేసెట్‌ను పట్టి ఉంచే మూత) బిగిసినట్టే ఉంటుంది, కానీ కేసెట్ చేత్తో పట్టుకుని ఊపితే టకటకమంటుంది. అలా తొక్కితే గేర్లు ఎంత సర్దినా నిలవవు. లాక్‌రింగ్ 40 న్యూటన్ మీటర్ల బిగువు.

రెండు, చైన్. పెద్ద పన్ను ఆరు పళ్లు పెరిగితే చైన్ ఒకటిన్నర అంగుళం పొడవు కావాలి. 28కి కోసిన పాత చైన్‌తో 50 మీద ఉండగా పొరపాటున 34కి వేశారంటే చైన్ తీగలా బిగుసుకుని డిరైలర్‌ను ముందుకు లాగేస్తుంది. హ్యాంగర్ వంగితే అదృష్టం, కేజ్ చువ్వల్లోకి పోతే చక్రం కూడా పోయినట్టే. కొత్త 116 లింకుల చైన్ తెచ్చి, డిరైలర్ గుండా పోనివ్వకుండా ముందు 50, వెనక 34 మీదుగా చుట్టి, రెండు కొసలు కలిసే చోటు నుంచి ఒక అంగుళం, అంటే రెండు లింకులు, ఎక్కువ ఉంచి కోయండి. పాతది 0.5 శాతం సాగి ఉంటే కొత్త పళ్లను తొందరగా అరగదీస్తుంది.

ఆ తర్వాత ముందు 34, వెనక 34 మీద పెట్టి, పెడల్ వెనక్కి తిప్పుతూ బి-స్క్రూ సర్దండి. పై పుల్లీకి, పెద్ద పన్నుకు మధ్య 6 మి.మీ. దగ్గర ఎడం ఉండాలి. తగులుతుంటే గరగరమంటుంది. మరీ దూరమైతే చిన్న పళ్ల వైపు గేర్ పడటం ఆలస్యమవుతుంది.

బొర్రా బాట:
అయితే డిరైలర్ జీఎస్, కేసెట్, చైన్, స్పేసర్. చదును రోజుల్లో పాత 11-28 చక్రం వేసుకోవాలంటే చైన్ మళ్లీ కోయాలా? అసలు ముందు రింగులే 46-30కి మార్చేస్తే ఇవన్నీ కొనక్కర్లేకుండా పోతుందా?

గ్రీజు చేతులు:
కోయక్కర్లేదు. జీఎస్‌కు 28 కూడా పరిమితిలోనే ఉంది, చైన్ 34 కొలతకే ఉంచండి. చక్రం మార్చినప్పుడు బి-స్క్రూ ఒకసారి చూస్తే చాలు.

46-30 ఆలోచన మాత్రం ఇంకా ఖర్చు. మీ క్రాంక్ (పెడల్ కాడ) మీద షిమానో రింగుల్లో 34 కంటే చిన్నది కూర్చోదు, క్రాంకే మార్చాలి. షిమానో జీఆర్‌ఎక్స్ (గ్రావెల్ సైకిళ్ల వరస) క్రాంక్ వేస్తే రింగులు దాదాపు 2.5 మి.మీ. బయటికి జరుగుతాయి, దానికి తగ్గ ముందు డిరైలర్ కూడా కొనాలి.

కొనేముందు ఒక్కసారి మీ డిరైలర్ లోపలి వైపు మోడల్ నంబర్ చూడండి. బిల్లు మీద ఎస్‌ఎస్ అని ఉన్నా సైకిల్ మీద జీఎస్ వచ్చి ఉండొచ్చు, అప్పుడు కేసెట్, చైన్, స్పేసర్‌తో పని అయిపోతుంది.